ఎక్కడికీ కాదు

గంటస్తంభం పక్క సందులో మందుల షాపు.
"జాబ్ చేస్తారా మేడమ్?" అన్నాడు కుర్రాడు
రెండు అట్టపెట్టెలు గాజు బల్లమీద పెట్టి.
చెయ్యనన్నాను.
పెద్ద పెట్టె వెనక్కి తీసేశాడు,
నాకా జబ్బు లేదని తేలినట్టు.

చేత్తో నొక్కేది పదకొండు వందల యాభై.
కరెంటుది నాలుగువేల రెండొందలు, తొమ్మిది స్పీడులు.
తొమ్మిదో స్పీడు ఎవరి కోసమో అడగలేదు.
దగ్గుమందు కోసం నిలబడ్డ పెద్దాయన
ఫ్యాను రెక్కల్ని మహా మర్యాదగా లెక్కపెడుతున్నాడు.

"ఇంట్లోనే ఉంటావు, గుంట నీ ఒళ్లోనే ఉంటాది,
మరెందుకే?"
ఇది మా అత్త తవిటమ్మ.
గజపతినగరం అవతల ముప్ఫయ్యేళ్లు
మూడు గేదెల పాలు కేంద్రంలో పోసిన మనిషి.
"నీకూ ఓ సెంటర్ పెట్టీమంటావేటి?
ఎన్న సూసి పదిరోజులకోపాలి డబ్బులిస్తారు."
నవ్వింది. నేనూ నవ్వాను.
నవ్వితే కుడివైపు జాకెట్టు తడిసింది.

మా ఆయన గరివిడి నుంచి నైటు షిఫ్టు దిగొచ్చి
బూట్లు విప్పకుండానే ఫోన్లో స్టార్లు చూశాడు.
"దీనికి నాలుగున్నర. ఎక్కడికైనా వెళ్లాలా?"
వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.
ఆలోచించాను.
డీఎస్సీ పుస్తకాలు అటకెక్కి రెండేళ్లు.
పెళ్లిళ్లంటే, ఇప్పుడు మూఢం.
ఎక్కడికీ కాదు.
రాత్రి ఒంటిగంట నుంచి అయిదు దాకా
మంచం ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లాలి,
మధ్యలో ఎవరూ లేపకుండా.
అదెంత దూరమో చెప్పడానికి
నాకు కిలోమీటర్లు దొరకలేదు.

చేతిదే కొన్నాను.
బారసాలనాడు ఉయ్యాల్లో పడ్డ నోట్లతో.
పిల్ల డబ్బు, పిల్ల పాలు,
నావి మణికట్టు నొప్పి ఒక్కటే.

పెట్టెలో కాగితం పన్నెండు భాషల్లో ఉంది.
తెలుగు లేదు.
బొమ్మలో ఒకావిడ బిడ్డ ఫోటో చూస్తూ నొక్కుతోంది,
చెదరని జుట్టుతో.
నేను నొక్కితే బల్లి పలికినట్టు కిచ్ కిచ్.
అప్పుడు మనసులో ఏమనుకుంటున్నానో
అది సత్యమైపోతుందేమోనని భయమేసి
ఏమీ అనుకోకుండా నొక్కాను.
అరగంటకి పదిహేను మిల్లీ.

"అలక్కాదే."
తవిటమ్మ ఎప్పుడు లేచిందో.
వేడినీళ్లలో తువ్వాలు పిండి వేసింది,
బొటనవేలు ఎక్కడుండాలో చూపించింది,
గేదె దగ్గర కూర్చున్నట్టే గొంతుక్కూర్చుని.
"తొందరెడితే ఏదీ సేపదు."
చేపు. ఆ కాగితం నాలుగు పేజీలు తిప్పలు పడ్డ మాట.
మా అత్త నోట్లో అది సేపు అవుతుంది.
పాలకీ కాలానికీ ఒకటే మాట.
కాసేపు ఊరుకో, అంది.
ఊరుకున్నాను.

"దూడ సచ్చిపోతే
తోల్లో గడ్డి కుక్కి ఎదర నిలబెట్టీవోలం.
నాకీది. సేపీది."
ఆ తర్వాత ఏమీ అనలేదు.
పిల్ల విప్పిన చొక్కా తెచ్చి నా భుజం మీద వేసి
అటు తిరిగి కూర్చుంది.

సీసా లైటుకి ఎత్తి, ఓరగా వంచి,
గీతలు చూడకుండానే "అరపావుకి తక్కువ" అంది.
నలభై మిల్లీ.
"ఎన్న బాగుంది. పో, ఎల్లు మరి."

వెళ్లాను.

నాలుగుంపావుకి లేచాను.
లేపింది పిల్ల కాదు, తడి.
హాల్లో లైటు. ఉగ్గుగిన్నె అంచు మీద
రెండు గుడ్లు పెట్టుకు చూస్తోంది మా గుంట.
మీగడ తరక కోసమేమో
చివరి చుక్క వేలితో తీసి నాలిక్కి రాస్తోంది తవిటమ్మ.
ఇద్దరిలో ఎవరూ తలెత్తలేదు.

ఇంకా ముప్పావుగంట ఉంది అయిదుకి.
చప్పుడు కాకుండా
మళ్లీ బయల్దేరాను.